చేతి ఫోను చూపే దారి: గుణదోష విచారణ

పూర్వము కొత్త ఊరికి బండి తోలుకొని పోయేవారు కూడలి కూడలికీ ఆగి దారి అడిగేవారు. నేడు కారు నడిపేవారి ముందు చేతి ఫోను ఒకటి నిలిచి ఉంటున్నది. అది ఎడమకు తిరగమంటే కారు ఎడమకు తిరుగుతున్నది. ఈ సాధనమును ఎంతవరకు నమ్మవచ్చును? ఈ ప్రశ్నను విచారించుటకు ధవళేశ్వరము తగిన చోటు. దీనికి దిగువన గోదావరి పాయలుగా చీలిపోతున్నది. ఇక్కడి నుండి సముద్రము వరకు దారులన్నీ నదితోను, కాలువలతోను, గట్లతోను ముడిపడి ఉన్నవి.

ఫోనులో రెండు వేర్వేరు పనులు జరుగుతున్నవని మొదట గుర్తించవలెను. మనము ఎక్కడ ఉన్నామో కనుగొనుట ఒకటి. ఎటు పోవలెనో చెప్పుట మరొకటి.

మొదటి పనిని ఫోను మెచ్చుకొనదగినట్లు చేస్తున్నది. జి.పి.ఎస్. ఉపగ్రహాలు భూమికి సుమారు 20,200 కి.మీ. ఎత్తున తిరుగుతూ, పరమాణు గడియారముల సాయముతో కాలసంకేతాలు పంపుతున్నవి. సంకేతము చేరుటకు పట్టిన కాలమును బట్టి ఉపగ్రహము ఎంత దూరాన ఉన్నదో ఫోను లెక్కిస్తుంది. మూడు దూరాలు తెలిస్తే చాలును గదా అని విద్యార్థి అడుగవచ్చును. కాని ఫోనులోని గడియారము అంత నిక్కమైనది కాదు. కాలములో ఒక్క మైక్రోసెకను తప్పు వస్తే దూరములో 300 మీటర్ల తప్పు వస్తుంది. ఆ తప్పును కూడ లెక్కకట్టుటకు నాలుగవ ఉపగ్రహము కావలెను. అమెరికా ప్రభుత్వము పౌరులకు అందే సంకేతాలలో బుద్ధిపూర్వకముగా కలుపుతూ వచ్చిన దోషమును 2000 మే నెలలో మానివేసినది. నేడు ఆకాశము విశాలముగా కనిపించే చోట ఫోను సాధారణముగా సుమారు 5 మీటర్ల తేడాతో స్థానమును చెప్పగలదు. కాటన్ బారేజీ మీద ఆకాశమునకు అడ్డు లేదు. ఇందుకు ఫోను సిగ్నలు కూడ అక్కరలేదు. పటము ముందే ఫోనులో దాచుకొని ఉంటే చాలును.

చిక్కు అంతా రెండవ పనిలో ఉన్నది. ఉపగ్రహమునకు రోడ్డు సంగతి తెలియదు. రోడ్డు ఉన్నది పటములో. ఫోను తాను కనుగొన్న స్థానమును పటములోని దగ్గరి రోడ్డుకు అతికిస్తుంది. కాలువకు రెండు గట్ల మీద రెండు రోడ్లు, గట్టు దిగువన ఇంకొక రోడ్డు ఉన్న చోట 5 మీటర్ల తేడా చిన్నది కాదు. వెళ్ళవలసిన ఇల్లు ఎదుటనే కనిపిస్తుంది, కాని నడుమ కాలువ ఉంటుంది. వంతెన ఎక్కడో ఉంటుంది.

వరద కాలములో ఈ లోపము ప్రమాదకరమవుతుంది. ధవళేశ్వరము వద్ద నీటిమట్టము 11.75 అడుగులకు చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కు రెండవది, 17.75కు మూడవది జారీ అవుతున్నవి. 2022 జూలైలో ఇక్కడ 25 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు ప్రవహించినది. అటువంటి దినాలలో కనకాయలంక కాజ్‌వే వంటి దారులు నీటి క్రింద ఉంటవి. పటములో మాత్రము అవి దారులే. రద్దీని ఫోను ఇతర ఫోనుల కదలికను బట్టి అంచనా వేస్తుంది. ఎవరూ పోని దారి ఖాళీగా ఉన్నదో, మునిగి ఉన్నదో ఆ లెక్కలో తేల్చుట కష్టము.

ఇది ఊహ కాదు. 2023 డిసెంబరులో సిద్దిపేట జిల్లాలో ఫోను చూపిన పాత రోడ్డున పోయిన లారీ ఒకటి రాత్రివేళ గౌరవెల్లి జలాశయపు నీటిలో చిక్కుకొన్నది. 2024 నవంబరులో ఉత్తరప్రదేశ్‌లో రామగంగపై తెగిన వంతెన నుండి కారు పడి ముగ్గురు మరణించారు. ఫోను చూపిన దారినే వారు వచ్చారని వార్తలు వచ్చినవి. అయితే నేరమంతా పటముపై మోపుట న్యాయము కాదు. ఆ వంతెనకు సరియైన అడ్డుకట్టలు లేవన్న ఆరోపణపై రోడ్ల శాఖ ఇంజినీర్ల మీద కూడ కేసు నమోదైనది. దారి మూసినవారు గుర్తు పెట్టవలెను. పటము తయారుచేసేవారు దానిని దిద్దవలెను. బండి నడిపేవారు కండ్లు తెరచి చూడవలెను.

ఆ చూపును సైతము ఫోను కొంత హరిస్తున్నది. 2020 అక్టోబరు నుండి అమలులోనికి వచ్చిన నిబంధనల ప్రకారము, బండి నడిపేటప్పుడు చేతి ఫోనును దారి తెలుసుకొనుటకు మాత్రమే, ఏకాగ్రత చెడకుండ వాడవచ్చును. ఈ షరతు ఎంత అవసరమో చిన్న లెక్క చెబుతుంది. గంటకు 60 కి.మీ. వేగముతో పోయే కారు 3 సెకనులలో 50 మీటర్లు పోతుంది. ఫోను వైపు అంతసేపు చూస్తే ఆ 50 మీటర్లు రోడ్డు చూడకుండ నడిపినట్లే. కనుక బయలుదేరక ముందే దారి చూసుకొని, ఫోనును బిగించి, తరువాత చెవితో వినుట మేలు.

అంతమాత్రాన ఫోనును పారవేయనక్కరలేదు. అది చెప్పే స్థానమును నమ్మి, అది చూపే దారిని పరీక్షించుకొనవలెను. వరద దినాలలో ధవళేశ్వరము నీటిమట్టమెంతో విని, రేవు దగ్గర మనిషిని "కాజ్‌వే మీద నీరొచ్చిందా అండీ?" అని అడిగి ముందుకు సాగవలెను.

ఉపాధ్యాయులు ఈ విషయమును తరగతిలో సులభముగా చూపవచ్చును. కాలువకు ఈవలి గట్టున ఒక చోటును, ఆవలి గట్టున దాని ఎదుటి చోటును ఫోనులో గుర్తించి, రెంటి మధ్య సరళరేఖ దూరమును, వంతెన మీదుగా నడచిపోయే దూరమును విద్యార్థుల చేత కొలిపించి పోల్చవలెను. స్థానము వేరు, దారి వేరు అన్న సంగతి వారికి అప్పుడు సులువుగా బోధపడుతుంది.