పెట్టెలోనూ తలమీదే కిరీటం

కూచిపూడి భామాకలాపంలో సత్యభామ కంటే ముందు ఆమె జడ ప్రవేశిస్తుంది. తెర మీదుగా ఇవతలికి జారే ఆ జడకు సూర్యుడు, చంద్రుడు, నాగపడగ, వరసగా బిళ్ళలు, చివర జడగంటలు ఉంటాయి. వేదాంతం సత్యనారాయణ శర్మ గారి వంటి మహానటులు సత్యభామగా నిలబడిన ఆ వేషం ఇప్పుడు విమానాలెక్కి సముద్రాలు దాటుతోంది. 1977లో ఉత్తర అమెరికా తెలుగు సంఘం ‘తానా’ పుట్టిన నాటి నుంచి నేటి దాకా ప్రవాసాంధ్రుల సభల్లో కూచిపూడికీ పద్యనాటకానికీ ఆదరణ తగ్గలేదు. ఆటగాళ్ళు ఎంత సాధన చేసి వెళ్ళినా, అక్కడ పెట్టె తెరిచేసరికి కిరీటం సొట్టపడి ఉంటే ఆ సాయంత్రం సగం పోయినట్టే. అందుకే వేషం సర్దడాన్ని మేకప్పుతో సమానమైన విద్యగా చూడాలంటాను.

ప్రయాణం ఈ కళలకు కొత్త కాదు. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో ‘కీచకవధ’తో మొదలైన సురభి నాటక సమాజం ఊరూరా మకాం వేస్తూనే బతికింది. కూచిపూడి మేళాలూ అంతే. పాతకాలపు కూచిపూడి నగలను తేలికైన బూరుగు కర్రతో చెక్కేవారు. ఎగిరి ఆడేవాడి భుజం మీద బరువుండకూడదు కదా! బండి మీద ఊళ్ళు తిరిగే మేళానికి ఆ తేలికదనం ఎంత కలిసొచ్చి ఉంటుందో ఊహించుకోవచ్చు. ఈనాటి కిరీటాల్లో అట్ట, ఇనుప తీగ, రేకు, ఫోమ్ షీటు ఎక్కువ. చూడ్డానికి గట్టిగా కనిపిస్తాయి కానీ, ఒక పక్క నొక్కితే లొంగిపోతాయి.

విమానం వాళ్ళు చూసేది కొలతలే. అమెరికా వెళ్ళే చాలా విమానాల్లో ఒక్కో పెట్టె 23 కిలోలు దాటకూడదు. పొడవు, వెడల్పు, ఎత్తు మూడూ కలిపి 158 సెంటీమీటర్లు మించకూడదు. మించితే అదనపు రుసుము. మామూలు పెద్ద సూట్‌కేసుకు లోతు అడుగు ఉంటే గొప్ప. వెనక ప్రభతో ఉన్న రాజు కిరీటం అందులో పట్టదు. కాబట్టి సర్దడం అనేది కిరీటం చేయించే రోజునే మొదలవ్వాలి. ప్రభను అంటించొద్దనీ, మరలతో విడదీసి బిగించుకునేలా పెట్టమనీ పనివాడికి ముందే చెప్పాలి.

ఆ తర్వాత గుర్తుంచుకోవలసింది ఒక్కటే. వేషం ఒంటి మీద ఎలా నిలుస్తుందో పెట్టెలోనూ అలాగే నిలవాలి. కిరీటం లోపలి పట్టీ బరువు మోయడానికి పుట్టింది. అంచున వేలాడే ముత్యాల వరసకు మోసే శక్తి లేదు. అయినా చాలామంది కిరీటాన్ని అంచుల మీదే నిలబెట్టి, చుట్టూ బట్టలు కుక్కి మూత వేస్తారు. దెబ్బంతా ముత్యాల మీద పడుతుంది.

దీనికి సరైన పద్ధతి ఇది. గట్టి అట్ట ఒకటి పెట్టె అడుగు సైజుకు కోసుకోవాలి. పాత పంచెను బిగించి చుట్టి, పాత్రధారి తలంత ఉండ చేసి ఆ అట్టకు కుట్టెయ్యాలి. కిరీటాన్ని ఆ ఉండ మీదికి దించినప్పుడు అంచు కింది అట్టకు తగలకుండా అర అంగుళం పైనే ఆగాలి. ఆగకపోతే ఉండకు ఇంకో చుట్టు వేయాలి. ఆపైన, గడ్డం కింద కట్టుకునే నాడాలు ఉన్నాయే, వాటినే అట్టకు పొడిచిన రెండు బెజ్జాల్లోంచి కిందికి పోనిచ్చి ముడి వేయాలి. ఇక పెట్టె తలకిందులైనా కిరీటం తల వదలదు. మూత వేసి రెండు చేతులతో ఊపి చూడండి. లోపల చిన్న చప్పుడు వినబడినా మళ్ళీ విప్పాల్సిందే.

భుజకీర్తులకు భుజం కావాలి. తువ్వాలు చుట్ట మీద వాటి వంపును ఆనించి, ఒకదాని వీపు ఇంకోదానికి తగిలేలా కట్టాలి. రాళ్ళ ముఖాలు ఎప్పుడూ ఎదురెదురుగా పెట్టకూడదు. జడను మడవనే కూడదు. అది బిళ్ళకూ బిళ్ళకూ మధ్యే వంగుతుంది. అరచేతి వెడల్పున్న అట్ట గొట్టానికి బిళ్ళలు బయటికి ఉండేలా, చుట్టుకూ చుట్టుకూ మధ్య మెత్తని నూలుగుడ్డ వేస్తూ చుట్టాలి. విసనకర్ర కుచ్చిళ్ళను మూసి, నాడాతో వదులుగా కట్టి, నిలువునా పడుకోబెడితే చాలు.

బబుల్ షీటును నేరుగా రేకు మీదో మఖమల్ మీదో చుట్టకండి. ఎండలో దాని బుడగల అచ్చులు పడిపోతాయి. ముందు నూలుగుడ్డ, ఆపైనే బబుల్ షీటు. మే నెలలో రన్‌వే పక్కన సామాను బండి మీద పెట్టె కాసేపు ఆగినా గ్లూగన్ జిగురు మెత్తబడుతుంది, రాళ్ళు ఊడతాయి. కుట్టిన రాయి ఊడదు. డబ్బు కొంచెం ఎక్కువైనా కుట్టించుకోవడమే మేలని నా గట్టి నమ్మకం.

బృందంగా వెళ్ళేటప్పుడు కిరీటాలన్నీ ఒక పెట్టెలో, చీరలన్నీ మరో పెట్టెలో సర్దడం చూస్తుంటాం. అలా చేస్తే ఒక్క పెట్టె రాకపోయినా నాటకం ఆగిపోతుంది. పాత్రకో పెట్టె పెట్టుకుంటే పోయేది ఒక్క పాత్రే. దానికి ఏదో ఒక సర్దుబాటు చేసుకోవచ్చు. సత్యభామ జడ, ముఖ్యమైన నగలు మాత్రం చేతి సంచిలోనే ఉండాలి. గద, కత్తి చెక్కవైనా విమానం లోపలికి రానివ్వరు, వాటిని సామానులోనే వేయాలి. మీసాలు అంటించే స్పిరిట్ గమ్ మండే పదార్థం. దాన్ని వెళ్ళిన చోటే కొనుక్కోవడం మంచిది. కృష్ణుడి కిరీటంలోని నెమలి పింఛం సంగతి మరీ ముఖ్యం. నెమలి ఈకల ఎగుమతిని మన దేశం నిషేధించింది. పట్టుతో చేయించిన పింఛం తీసుకెళ్ళాలి. దీపాల కాంతిలో అది ఏ మాత్రం తీసిపోదు. సామాను ఎక్కువైన పెద్ద బృందాలు తాత్కాలికంగా తీసుకెళ్ళి తిరిగి తెచ్చుకునే వస్తువులకు ఉద్దేశించిన ఏటీఏ కార్నే పత్రం గురించి, మన దేశంలో దాన్ని ఇచ్చే వాణిజ్య, పరిశ్రమల సమాఖ్య ‘ఫిక్కీ’ వద్ద ముందుగా విచారించుకోవాలి.

వెళ్ళేటప్పటి కంటే తిరిగొచ్చేటప్పుడే వేషాలు ఎక్కువగా పాడవుతాయి. రెండు గంటలు ఆడాక కిరీటం లోపలి పట్టీ, రవికెలు, నడుము పట్టీలు చెమటతో తడిసి ఉంటాయి. తెల్లవారుజామున విమానమని రాత్రికి రాత్రే అలాగే మూటకడితే ఇంటికొచ్చేసరికి జరీ నల్లబడుతుంది, మఖమల్‌కు బూజు పడుతుంది. హోటల్ గదిలో ఫ్యాను కింద, ఎండ తగలకుండా, ఒక పూటంతా ఆరబెట్టాలి. అందుకే ఆఖరి ప్రదర్శనకూ తిరుగు ప్రయాణానికీ మధ్య ఒక రోజు వదలమని నిర్వాహకులను టిక్కెట్లు కొనేటప్పుడే అడగండి; ఆ ఒక్క రోజు గది అద్దె కొత్త కిరీటం ఖరీదు కంటే తక్కువే.