ప్రయోజక కర్త ఎవరు? స్వయంచాలక రోబో రూపకల్పన పరిభాష – ఒక పరిశీలన

రోబో శరీరం ఎలా ఉండాలో ఇంజనీరు గీయకుండా సాఫ్ట్‌వేర్ చేత నిర్ణయింపజేసే పద్ధతి మూడు దశాబ్దాలుగా పరిశోధనలో ఉంది. కార్ల్ సిమ్స్ 1994లో కంప్యూటర్ అనుకరణలో పెంచిన కాల్పనిక ప్రాణులు, 2000లో హాడ్ లిప్సన్, జోర్డన్ పొలాక్ ‘నేచర్’ పత్రికలో ప్రకటించిన యంత్రాలు, 2020లో ఎం.ఐ.టి. పరిశోధకులు వెలువరించిన ‘రోబోగ్రామర్’, 2023లో శామ్ క్రీగ్‌మన్ బృందం రూపొందించిన నడిచే రోబో ఈ మార్గంలో ముఖ్యమైన మజిలీలు. వీటి సాంకేతిక విలువను తూచడం ఈ వ్యాస పరిధిలోనిది కాదు. ఈ పరిశోధనలు తమను వర్ణించుకోవడానికి ఎంచుకున్న వ్యాకరణం, జీవరూపం, స్వయంచాలకం అనే మాటలు ఏమి చెబుతున్నాయి, ఏమి మరుగుపరుస్తున్నాయి అన్నదే ఇక్కడి ప్రశ్న.

లక్ష్యం – లక్షణం

రోబోగ్రామర్‌లో ‘వ్యాకరణం’ అలంకారప్రాయమైన మాట కాదు. 1957లో వెలువడిన ‘సింటాక్టిక్ స్ట్రక్చర్స్’ ద్వారా చామ్‌స్కీ ప్రచారంలోకి తెచ్చిన ఉత్పాదక వ్యాకరణ భావన వంటిదే ఇక్కడ శరీర నిర్మాణానికి వర్తించింది. మొండెపు ఖండాలు, కీళ్లు, కాళ్ల భాగాలు, చక్రాలు ఇందులో పదాల వంటివి. దేనికి ఏది అతకవచ్చునో చెప్పేవి సూత్రాలు. పరిమితమైన సూత్రాలను మళ్లీ మళ్లీ ప్రయోగిస్తే లక్షల రూపాలు సిద్ధిస్తాయి. ఏ నేల మీద ఏ రూపం బాగా కదులుతుందో అనుకరణ తేలుస్తుంది. అన్నింటినీ పరీక్షించడం సాధ్యం కాదు కనుక, పరీక్షించిన వాటి ఫలితాల నుంచి నేర్చుకుంటూ తరువాత ఎటు వెళ్లాలో అన్వేషణ పద్ధతి అంచనా వేస్తుంది.

తెలుగు వ్యాకరణ సంప్రదాయంలో లక్ష్యం ముందు, లక్షణం తరువాత. కవిప్రయోగం సూత్రానికి పూర్తిగా లొంగని చోట చిన్నయసూరి ‘బహుళం’ అని చోటు విడిచాడు. రోబోగ్రామర్‌లో ఈ క్రమం తలకిందులైనట్లు కనిపిస్తుంది: లక్షణం ముందుంది, లక్ష్యం దాని నుంచి పుడుతుంది. అయితే ఆ సూత్రాలకు ప్రేరణ కీటకాలు, పీతల వంటి సంధిపాద జీవుల దేహనిర్మాణం. ప్రకృతి అనే లక్ష్యం నుంచి పరిశోధకులు ముందే లక్షణాన్ని గ్రహించారు. యంత్రానికి దక్కిన స్వేచ్ఛ ఆ లక్షణం గీసిన ఆవరణలోనిదే. అందులో బహుళానికి తావు లేదు. సూత్రం అనుమతించని శరీరాన్ని ఆ వ్యవస్థ పొరపాటుగానైనా నిర్మించలేదు. భాషలో ప్రయోగం కాలక్రమాన వ్యాకరణాన్ని మార్చుకుంటుంది. ఇక్కడ సూత్రం మారాలంటే పరిశోధకుడే తిరిగి రాయాలి.

విధి – తాత్పర్యం

సిమ్స్ ప్రయోగంలో నేలపై వేగంగా కదిలే ప్రాణికి ఎక్కువ విలువ. ఇలాంటి విధి ఉన్నప్పుడు పొడవుగా పెరిగి కూలిపోయే ప్రాణికీ వేగం లభిస్తుంది. దీన్ని నివారించడానికి ఆయన ముందుగా ఘర్షణ, చోదకబలం లేకుండా అనుకరణను నడిపి, శరీరం కిందికి వాలి స్థిరపడిన తరువాతే కొలత ప్రారంభించారు. కూలిపోవడం విధిని ఉల్లంఘించడం కాదు, అక్షరాలా పాటించడమే. ‘నడవాలి’ అన్న తాత్పర్యం విధిలో లేదు, విధించినవారి మనసులో ఉంది.

వాచ్యార్థానికీ తాత్పర్యానికీ మధ్య ఉండే ఎడం మీమాంసకులూ ఆలంకారికులూ తరతరాలుగా చర్చించినదే. సాఫ్ట్‌వేర్ వాచ్యార్థం దగ్గరే ఆగిపోయే పాఠకుడు. అది తాత్పర్యాన్ని గ్రహించలేదు కనుక, తాత్పర్యాన్ని మరింత వివరంగా వాచ్యం చేయవలసిన భారం మనిషిపై పడుతుంది. రూపకల్పనలో మానవశ్రమ తగ్గిందనడం కంటే, బొమ్మ గీయడం నుంచి ప్రయోజనాన్ని నిర్వచించడానికి అది బదిలీ అయిందనడం సరైనది. ‘స్వయంచాలకం’ అన్న మాట ఈ బదిలీని కనపడనీయదు.

ప్రయోజక కర్త – ప్రయోజ్య కర్త

లిప్సన్, పొలాక్‌ల ప్రయోగం 200 యంత్రాల సమూహంతో, ఒక్క కడ్డీ కూడా లేని శూన్యస్థితి నుంచి మొదలై, 300 నుంచి 600 తరాల వరకు సాగింది. నెగ్గిన రూపాలను ప్లాస్టిక్‌తో ముద్రించారు. మోటార్లను మాత్రం మనుషులు చేత్తో బిగించారు. ఆ వ్యాసం శీర్షిక వీటిని ‘లైఫ్‌ఫార్మ్స్’ అంది. జీవం అన్న మాట చేరగానే మోటారు బిగించిన చెయ్యి పాఠకుడి దృష్టి నుంచి తప్పుకుంటుంది. 2023 నాటి ప్రయోగంలో ల్యాప్‌టాప్‌పై 26 సెకన్లలో మూడు కాళ్ల శరీరం సిద్ధమైంది; దాన్ని సిలికాన్ రబ్బరుతో పోతపోసి, గాలి నింపుతూ నడిపించారు. ఆ సెకన్లు లెక్కకు వచ్చినంత సులువుగా వాటి వెనుకనున్న అనుకరణ నిర్మాణశ్రమ లెక్కకు రాదు.

ఇలాంటి విషయాలను తెలుగులో చెప్పేటప్పుడు ‘రూపొందించబడింది’ అన్న ‘బడు’ ప్రయోగం సులువుగా దొర్లుతుంది. తెలుగు నుడికారానికి అంతగా పొసగని ఈ ప్రయోగం కర్తను వాక్యం నుంచే తొలగిస్తుంది. ‘సాఫ్ట్‌వేర్ రూపొందించింది’ అంటే కర్త దొరుకుతాడు కానీ సగమే. తెలుగు క్రియకు ప్రేరణార్థక రూపం సహజం: చేయు – చేయించు, నడుచు – నడిపించు. చేయించేవాడు ప్రయోజక కర్త, చేసేవాడు ప్రయోజ్య కర్త. ‘పరిశోధకులు సాఫ్ట్‌వేర్ చేత రోబో రూపాన్ని గీయించారు’ అన్న వాక్యంలో ఇద్దరూ నిలుస్తారు.

అంతా మనిషే చేశాడనడం కూడా అతివ్యాప్తే. మూడు కాళ్లుండాలని ఎవరూ విధించలేదు. అసలు కాళ్లుండాలనే విధి లేదు. స్వతంత్రుడే కర్త అన్న పాణిని, అతణ్ని ప్రేరేపించేవాడికి హేతుసంజ్ఞతో పాటు కర్తృసంజ్ఞనూ ఇచ్చాడు. ప్రేరకుడు వచ్చినంత మాత్రాన ప్రేరితుడి కర్తృత్వం పోదు. సాఫ్ట్‌వేర్‌కు సంకల్పం లేదు కనుక ఈ సామ్యం సంపూర్ణం కాదు. అయినా, ఊహించని రూపం వెలువడడాన్నీ ఆ రూపానికి దారి వేసిన విధినీ ఒకే వాక్యంలో చెప్పగల చట్రం ఇది.

ముగింపు

యంత్రం చక్కగా నడిచినప్పుడు కర్త ఎవరన్నది కీర్తికి సంబంధించిన ప్రశ్న. అదే యంత్రం ఎవరినైనా గాయపరచినప్పుడు అది బాధ్యతకు సంబంధించిన ప్రశ్న అవుతుంది. ‘స్వయంచాలకంగా రూపొందించబడిన రోబో’ అన్న పదబంధంలో జవాబు చెప్పవలసినవారు ఎవరూ మిగలరు. ఏ సూత్రాలు ఇచ్చారు, ఏ ప్రయోజనాన్ని కొలిచారు, ఎవరు గీయించారు అన్నవి వాక్యంలో చోటు చేసుకున్నప్పుడే ఆ బాధ్యత నిలుస్తుంది. సాంకేతిక పరిభాషను తెలుగు చేసేవారు నామవాచకాలకు సమానార్థకాలు వెతకడంతో ఆగకుండా, క్రియారూపాన్ని ఎంచుకోవడంలోనూ ఈ వివేచన పాటించవలసి ఉంది.