సహానువాదమునందు నామద్వయము

అనేకులు గూడి యొక వాఙ్మయమును భాషాంతరీకరించునపుడు “దీనిని వ్రాసిన దెవరు? చూచి సరియన్న దెవరు?” అను ప్రశ్నములు రెండు పుట్టును. మొదటిదానికంటె రెండవదియే ముఖ్యము. ఏలన, వ్రాసినవాని పాండిత్యము పాఠమునందే కనఁబడును. చూచినవాని శ్రద్ధకు ఆతని పేరు తప్ప వేఱు సాక్ష్యము లేదు. ఆ పేరే కల్ల యైనచో సమష్ట్యనువాదమున కాధారము తొలఁగును. నేఁటి సహానువాదపు సాఫ్ట్‌వేరులందు ఒక్కరే రెండు ఖాతాల నుంచుకొని యొకదానినుండి మఱియొకదానికి మాఱుచుండు పద్ధతి నీ దృష్టితో విమర్శింపవలసియున్నది.

ఉదాహరణముగా ట్రాన్స్‌లేట్‌వికీ యను స్థానమును గొందము. తెలుఁగు వికీపీడియా 2003 డిసెంబరులో మొదలయ్యెను. దానిని నడపు మీడియావికీ యను సాఫ్ట్‌వేరునందలి మీటల పేరులు, హెచ్చరికలు, సూచనలు మున్నగు వాక్యములను స్వచ్ఛందానువాదకులు తెలిఁగించు తావు ట్రాన్స్‌లేట్‌వికీ. అచ్చట నొకరు వాక్యమును దెలిఁగింతురు. వేఱొకరు దానిఁ జదివి యంగీకారచిహ్నము నుంతురు. తన యనువాదమును దానే యంగీకరింపఁబోయినచో సాఫ్ట్‌వేరు తిరస్కరించును. నియమ ముచితమైనదే. కాని యా సాఫ్ట్‌వేరు మనుష్యు నెఱుఁగదు; ఖాతానే యెఱుఁగును. సంకేతపదముతోఁ బ్రవేశించినతోడనే కుకీ యను చిన్న గుర్తు బ్రౌజరునందు నిలుచును. పిమ్మటఁ బంపఁబడు ప్రతి యభ్యర్థనముతోడను ఆ గుర్తు పోవుచుండును. నిష్క్రమించి మఱియొక పేరితోఁ బ్రవేశించినచో గుర్తు మాఱును. కుర్చీలోని మనుష్యుఁడు మాఱఁడు. అప్పుడు మొదటి పేరితో వ్రాసినదానిని రెండవ పేరితో నంగీకరింపవచ్చును. నియమము పాలింపఁబడినట్లే యుండును. దాని ప్రయోజనము మాత్రము చెడును.

వ్యాకరణదృష్టిచే దీనిని బరీక్షింతము. పాణినిమతమునఁ గ్రియయందు స్వతంత్రుఁడే కర్త. పేరు కర్త కాదు. రెండు క్రియల కొక్కఁడే కర్త యైనపుడు పూర్వక్రియకు క్త్వాప్రత్యయము వచ్చును. తెలుఁగునందును “వండి తినెను” అన్నచో వండినవాఁడును దిన్నవాఁడును ఒక్కఁడే. పరిశీలనము సార్థకము కావలెనన్న “ఒకఁడు వ్రాయఁగా నొకఁ డంగీకరించెను” అను భిన్నకర్తృకవాక్యము నిజము కావలెను. ఖాతా మార్చి యంగీకరించినవానియెడ నిజమైన వాక్యము “వ్రాసి యంగీకరించెను” అనునదియే. చరిత్రపుటయందు మాత్రము భిన్నకర్తృకవాక్యమే నమోదగును. ఇదియే దోషము.

రెండవ పేరు మొదటిదాని స్థానమున వచ్చిన యాదేశము. ఆదేశము స్థానివలె నుండును. స్థానికిఁ గల విధినిషేధము లాదేశమునకును జెందును. వర్ణాశ్రయమగు విధియందు మాత్ర మీ యతిదేశము చెల్లదు. యంత్రమునకుఁ బేరన్నది వర్ణసముదాయమే కావున దాని నిషేధము వర్ణములతోఁ దీఱిపోవును. మనకో, నిషేధము పురుషాశ్రయము; రెండవ పేరునకును అది సంక్రమింపక తప్పదు. “యంత్రము కాదనలేదు” అను మాట సమాధానము కాఁజాలదు.

ఇది కేవలము నీతివిచారము గాదు, పాఠశుద్ధివిచారము. ఇంగ్లీషున “ఓపెన్” అను మాట విధ్యర్థక్రియయుఁ గావచ్చును, విశేషణమును గావచ్చును. మీటమీఁద నున్నచో “తెఱువుము” అనవలెను. స్థితిని దెలుపునపుడు “తెఱచియున్నది” అనవలెను. సందర్భము విడిచి యొంటిమాటగాఁ గనఁబడినదానిని గ్రియగా భ్రమించినవాఁడు రెండవ పేరితోఁ జదివినను గ్రియగానే చదువును. పేరు మాఱినంతమాత్రమున సంస్కారము మాఱదు. వర్ణలోపమును దన కన్నే పట్టవచ్చును. అర్థగ్రహణమందలి భ్రమమును బట్టుటకుఁ బరుని కన్ను గావలెను. ఆ పరుఁడు లేఁడని తెలిసినచో వెనుక వచ్చువారు మఱల జూతురు. ఉన్నాఁడని నమ్మించినచోఁ జూడరు. తప్పు తప్పుగానే స్థిరపడును.

తెలుఁగునకు అనువాదకులు కొలఁదిమందియే, పరిశీలకుఁడు దొరకనిచోఁ బని నిలుచును గదా యని కొంద రనవచ్చును. పని నిలువదు. అంగీకారచిహ్నము లేనంతమాత్రమున అనువాదము నశింపదు, చూడవలసినదిగాఁ గనఁబడుచుండును. అట్లు కనఁబడుటయే మేలు. కొఱఁతను గప్పు చిహ్నముకంటెఁ గొఱఁతను జూపు ఖాళీయే భాష కుపకారము.

అంతమాత్రమున రెండు ఖాతాలుంట యెల్ల దోషమని సిద్ధాంతింపరాదు. వికీపీడియా సంప్రదాయమునందు, తనంతటఁ బనిచేయు బాటునకు వేఱు ఖాతా యుండును; పదుగురు వాడు కంప్యూటరునందుఁ బ్రధానఖాతాకు ముప్పు రాకుండుటకు వేఱొకటి యుండవచ్చును; ఉద్యోగముగాఁ జేయు పనిని సొంతపనినుండి వేఱుపఱచుటకును ఉండవచ్చును. సంబంధము బహిరంగముగాఁ జెప్పినచో వీనియందు దోషము లేదు. తోలుబొమ్మలాటయందుఁ దెరవెనుక నొక్కఁడే పలుబొమ్మలకు గొంతు మార్చి పలుకును. ప్రేక్షకు లెఱుఁగుదురు గనుక మోసము లేదు. శాస్త్రగ్రంథములందును గ్రంథకర్తయే పూర్వపక్షమును బలికి తానే సిద్ధాంతము చెప్పును. కాని తాను గల్పించిన పూర్వపక్షి తన సిద్ధాంతమును మెచ్చెనని సాక్ష్యము తేఁడు.

పరిభాషయందును గొంత చిక్కు గలదు. తెలుఁగు వికీపీడియాలో “వాడుకరి” యను శబ్దము చెల్లుచున్నది. నేర్పరివలె నిది “అరి” ప్రత్యయాంతము. వాడుక గలవాఁడని యర్థము. ఇది పురుషునిఁ జెప్పు శబ్దమే గాని ప్రవేశనామమును జెప్పునది కాదు. పురుషుని “వాడుకరి” యనియుఁ బ్రవేశనామమును “ఖాతా” యనియు వ్యవహరించినచో “ఒక వాడుకరి, రెండు ఖాతాలు” అను మాట స్పష్టమగును. రెండు ఖాతాలను జూచి యిరువురు వాడుకరులని లెక్కించు భ్రమయుఁ దొలఁగును.

సాఫ్ట్‌వేరును గూర్చువారు చేయఁదగినదియుఁ గలదు. ప్రవేశనామము తెర మూలనుండుటచే దాని మఱచి, ఒక పేరితోఁ జేయవలసిన పనిని వేఱొక పేరితోఁ జేయుట నిష్కపటులకును సంభవించును. అంగీకారపు మీటకడనే ఆ నామమును జూపవలెను. సంబంధము ప్రకటింపఁబడిన ఖాతాలను ఈ నిషేధవిషయమున నొక్కటిగా నెంచవలెను. ప్రకటింపఁబడనిదానిని యంత్రము తెలిసికొనఁజాలదు. అది యనువాదకుని నిష్ఠకే విడువవలసియుండును. “ఇది నేను వ్రాసినది గాదు” అని తనకుఁ దాను జెప్పుకొనఁగలిగినపుడే యంగీకారపు మీట నొక్కవలెను.