వృద్ధులు, బీసీజీ టీకా, ‘రోగనిరోధక శక్తి’: ఒక పదబంధంపై విమర్శ

1. ఉపోద్ఘాతం

విజయవాడ చాలాకాలంగా తెలుగు పత్రికలకూ పుస్తక ప్రచురణకూ కేంద్రం. వైద్య విజ్ఞానాన్ని సామాన్యుల భాషలోకి తెచ్చిన రచనకూ ఈ నగరం నెలవు. డాక్టర్ జి. సమరం ఆరోగ్య రచనలు ఇందుకు ప్రసిద్ధ ఉదాహరణ. తెలుగు ఆరోగ్య రచనలో స్థిరపడిన పదబంధాల్లో ‘రోగనిరోధక శక్తి’ ఒకటి. వృద్ధులకు వేసే టీకాల విషయంలో ఆ పదబంధం ఎంతవరకు సరిపోతుందో పరిశీలించడం ఈ వ్యాస ఉద్దేశం.

2. ‘శక్తి’ అనే భావన

‘శక్తి’ అనగానే పరిమాణం స్ఫురిస్తుంది. అది పెరుగుతుంది, తరుగుతుంది, తరిగినదాన్ని నింపుకోవచ్చు. కృష్ణా డెల్టా పల్లెల్లో వినిపించే ‘సత్తువ తగ్గింది’, ‘బలానికి సూది’ వంటి మాటల్లోనూ ఇదే భావన ఉంది.

శాస్త్రం చెప్పేది వేరు. ఆర్జిత రోగనిరోధకత ఒక్కో క్రిమిని ప్రత్యేకంగా గుర్తుంచుకుంటుంది. జన్మసిద్ధ రోగనిరోధకతకు అటువంటి జ్ఞాపకం లేదని చాలాకాలం భావించారు. 2011లో నెదర్లాండ్స్‌లోని మిహాయ్ నెటియా, సహపరిశోధకులు ‘ట్రెయిన్డ్ ఇమ్యూనిటీ’ భావనను ప్రతిపాదించారు. బీసీజీ తరువాత మోనోసైట్లలో జన్యువులు మారవు. అవి పనిచేసే తీరును నియంత్రించే రసాయన గుర్తులు మారతాయి. ఫలితంగా ఆ కణాలు క్షయతో సంబంధం లేని క్రిములకూ భిన్నంగా స్పందిస్తాయి.

3. పెరుగుదలా, తగ్గుదలా?

వృద్ధాప్యంలో శరీరంలో స్వల్పస్థాయి ఇన్‌ఫ్లమేషన్ నిరంతరం కొనసాగుతుంటుంది. చెన్నైలోని జాతీయ క్షయ పరిశోధన సంస్థ 60–80 ఏళ్లవారిపై జరిపిన అధ్యయనం 2021లో వెలువడింది. బీసీజీ వేసిన నెలకు వారి రక్తంలో ఇన్‌ఫ్లమేషన్‌ను ప్రేరేపించే పలు సైటోకైన్లు తగ్గాయని అది తెలిపింది. ఇక్కడ ఆశాజనకమైన సూచన తగ్గుదలే. ‘శక్తిని పెంచే టీకా’ అనే వాక్యం ఈ ఫలితాన్ని తలకిందులు చేస్తుంది.

ఆ వాక్యం నిశ్చయాన్ని కూడా అతిగా ధ్వనిస్తుంది. 2020లో ప్రచురితమైన గ్రీసు అధ్యయనంలో బీసీజీ పొందిన వృద్ధులకు ఇన్‌ఫెక్షన్లు ఆలస్యంగా సోకాయి. నెదర్లాండ్స్‌లో రెండువేలకు పైగా వృద్ధులపై జరిగిన పరీక్షలో మాత్రం శ్వాసకోశ ఇన్‌ఫెక్షన్లు తగ్గలేదు.

2024లో ఆంధ్రప్రదేశ్‌తో సహా పలు రాష్ట్రాల్లో వయోజనులకు బీసీజీ వేయడం మొదలైంది. అరవై దాటినవారూ అందులో అర్హులు. దాని లక్ష్యం క్షయ నివారణ. దాన్ని ‘బలానికి సూది’గా అర్థం చేసుకున్న వృద్ధుడి అంగీకారం తెలిసి ఇచ్చినది కాదు. పదం తెచ్చే నష్టం ఇక్కడే ఉంది.

4. ముగింపు

‘శిక్షిత రోగనిరోధకత’ అనే అనువాదం వ్యాకరణరీత్యా నిర్దుష్టమే. కాని వ్యవహారంలో ‘శిక్ష’ దండనగా స్థిరపడింది. కనుక ‘శిక్షణ పొందిన రోగనిరోధకత’ సుబోధకం. డెల్టా రైతుకు దీన్ని వివరించడం కష్టం కాదు. కాలువలో నీరు ఎంత ఉన్నదన్నదే కాదు, తూము ఎప్పుడు ఎత్తాలి, ఎప్పుడు దించాలి అన్నదీ పంటను నిర్ణయిస్తుందని అతనికి తెలుసు. శాస్త్ర రచన ఆ తెలివిడిని ఆధారం చేసుకుంటే ‘శక్తి’ అనే మాటపై ఇంతగా ఆధారపడనక్కరలేదు.