అవిధవ, జీవపుత్ర: ఒక రాణి చేయించిన దేవత

ప్రాచీన కాలంలో స్త్రీకి గౌరవం ఉండేదని చెప్పాలనుకున్నప్పుడల్లా మనం రెండు చోట్లకి వెళ్తాం. ఒకటి గార్గి, మైత్రేయిల వేదకాలం. రెండోది అంతకుముందెప్పుడో ఉండి ఉంటుందనుకునే అమ్మదేవతల కాలం. మొదటి దాని వెనుక జాతీయవాదుల అవసరాలు ఏమున్నాయో, ఆ వెలుగులో వేదకాలపు దాసి ఎలా కనిపించకుండా పోయిందో ఉమా చక్రవర్తి 1989లో రాసిన వ్యాసం చూపించింది. రెండో దాన్ని మాత్రం స్త్రీవాదులమైన మనమే ఇష్టంగా నిలుపుకున్నాం. పాత యూరప్ మట్టిబొమ్మల ఆధారంగా మారియా గింబుటాస్ ఊహించిన దేవతా నాగరికత ఎందరో రచయిత్రులకి ఊపిరినిచ్చింది. బొమ్మ స్త్రీదైనంత మాత్రాన అధికారం స్త్రీదవుతుందా అని సింథియా ఎల్లర్ 2000లో వేసిన ప్రశ్న మనకంత రుచించలేదు. ఆ ప్రశ్నని దూరదేశాల బొమ్మల మీద కాదు, మన నేల మీద దొరికిన ఒక శిల్పం మీదే వేసి చూద్దాం.

ఆ శిల్పం నాగార్జునకొండలో దొరికింది. నడుము పైభాగం లేదు. మోకాళ్లు మడిచి, కాళ్లు రెండు పక్కలకీ చాపిన స్త్రీ దేహం. ఒంటి మీద నగలున్నాయి, బట్ట లేదు. ఇలాంటి మూర్తులు దక్కన్ అంతటా దొరికాయి. అలంపురం, బాదామి మ్యూజియాల్లో ఉన్నవాటికి తల ఉండాల్సిన చోట విచ్చుకున్న పద్మం ఉంటుంది. పండితులు వీటన్నిటినీ కలిపి 'లజ్జాగౌరి' అంటున్నారు.

ముందు ఆ పేరు దగ్గరే ఆగాలి. లజ్జ ఎవరిది? శివుడితో ఏకాంతంలో ఉండగా ఎవరో వస్తే పార్వతి సిగ్గుతో కుంచించుకుపోయిందనీ, అందుకే తల లేదనీ ఒక కథ. శిల్పంలో ఆ సిగ్గు జాడ ఎక్కడా లేదు. అలంపురం మూర్తి దేన్నీ దాచుకోదు, చేతుల్లో పూలు పట్టుకుని నిశ్చింతగా ఉంటుంది. శిల్పి చెక్కని సిగ్గుని తర్వాతి కాలం కథగా అల్లి తొడిగింది. హెచ్.డి. సంకాలియా 1960లో రాసిన వ్యాసం శీర్షికలోనే, కొటేషన్ గుర్తుల మధ్యనైనా సరే, 'సిగ్గులేని స్త్రీ' అన్న మాట ఉంది. సిగ్గుపడినా, సిగ్గు విడిచినా ఆ దేహాన్ని కొలిచే కొలబద్ద మాత్రం మారలేదు.

అంతకు నాలుగేళ్ల ముందు, 1956లో, స్టెల్లా క్రామ్రిష్ ఇదే మూర్తిలో రుగ్వేదపు అదితిని చూసింది. రా.చిం. ఢేరే 1978లో తెచ్చిన మరాఠీ పుస్తకంలో దీన్ని రేణుకకీ, ఎల్లమ్మకీ, భూమికీ, పాముల పుట్టకీ కలిపాడు. పుట్టలో పాలు పోసే మన ఊళ్ల ఆడవాళ్లకి ఈ చివరి మాట విడమరిచి చెప్పక్కర్లేదు. 1992లో కరోల్ బోలన్ ఈ మూర్తుల రూపాలని వర్గీకరించి పుస్తకం రాసింది. ఇది ప్రసవ భంగిమా, రతి భంగిమా అన్న తర్జనభర్జన ఇంకా తెగలేదు. ఈ చర్చలో ఎక్కువ భాగం దేవత ఎవరు అన్నదాని చుట్టూ తిరిగింది. ఈ శిల్పాన్ని చేయించిన మనిషి ఎవరు అన్నది మనకి అంతకన్నా ముఖ్యం కావాలి.

ఎందుకంటే ఆ మనిషి పేరు రాయి మీదే ఉంది. ఇక్ష్వాకు రాజు ఎహువల శాంతమూలుడి భార్య మహాదేవి ఖందువుల దీన్ని చేయించిందని ప్రాకృత శాసనం చెబుతోంది. దేవత పేరు అందులో లేదు. రాణి పేరుంది, ఆమె తన గురించి చెప్పుకున్న రెండు విశేషణాలున్నాయి. అవిధవ, జీవపుత్ర. భర్త బతికున్నది, బిడ్డలు బతికున్నది.

ఈ రెండు మాటల దగ్గర అమ్మదేవతల స్వర్ణయుగం కూలిపోతుంది. దేహాన్ని అంత నిర్భయంగా చెక్కించిన స్త్రీ, తనని తాను పరిచయం చేసుకోవడానికి భర్త ఆయువునీ బిడ్డల ఆయువునీ చూపించాల్సి వచ్చింది. 'విధవ కాదు' అన్నది గౌరవంగా చెక్కించుకోదగ్గ మాట అయిందంటే, విధవ బతుకు అప్పటికే ఎలా ఉండి ఉంటుందో ఊహించడం కష్టం కాదు. అది కృతజ్ఞతా, మొక్కుబడా, రేపేమవుతుందోనన్న భయమా? శాసనం చెప్పదు. పిల్లలు చిన్నతనంలోనే పోయే ఆ రోజుల్లో ఈ మూడింటినీ విడదీయలేం కూడా.

అలాగని ఖందువులని బాధితురాలిగా మాత్రమే చదివితే అదీ అన్యాయమే. ఆమె తన పేరుతో చేయించింది. అదే లోయలో చాంతిసిరి మహాచైత్యానికి స్తంభాలు నిలబెట్టింది. ఆమె మొదటి శాంతమూలుడి సోదరి, వీరపురుషదత్తుడికి మేనత్త, పిల్లనిచ్చిన అత్త కూడా. బోధిసిరి అనే ఉపాసిక కూడా అక్కడ కట్టడాలు కట్టించింది. ఇక్ష్వాకు రాజులు యజ్ఞాలు చేస్తుంటే వాళ్లింటి ఆడవాళ్లు బౌద్ధానికి దానాలిచ్చారు. అంటే వాళ్ల చేతిలో ఎంతో కొంత సొమ్ముంది, సొంత నమ్మకముంది. రాజులేమో వాసిష్ఠీపుత్రులు, మాఠరీపుత్రులు. దీన్ని చూసి మాతృస్వామ్యం అనేస్తుంటాం. కానీ సింహాసనం తండ్రి నుంచి కొడుక్కే వెళ్లింది. తల్లి గోత్రం కొడుకు పేరులో నిలిచింది, రాజ్యం తల్లి చేతికి రాలేదు. మేనరికం మనింట్లో ఇప్పటికీ ఉంది. దాని వల్ల ఏ ఆడపిల్లకి ఎంత అధికారం వచ్చిందో మనకు తెలుసు.

పురాగాథ దగ్గరికి వస్తే లెక్క వేరు. ఇసుకతో కుండ చేసి నీళ్లు తెచ్చిన రేణుక ఒక్క చూపుకి తల పోగొట్టుకుంది. మాహూరులో రేణుకకి ముఖం ఒక్కటే పూజలందుకుంటుంది. అలంపురం దేవతకి ముఖమే లేదు. ఒకే దేహం రెండు ముక్కలై రెండు చోట్ల పడి ఉన్నట్టు అనిపిస్తుంది. ఇది నా ఊహ, చరిత్ర కాదు. ఓల్గా 'సైకత కుంభం'లో రేణుక చేత సీతతో మాట్లాడించినప్పుడు అది చరిత్ర అని చెప్పలేదు. పాత కథలో అణగిపోయిన ప్రశ్నని ఈనాటి స్త్రీ కోసం పైకి తీసింది. ఆ స్వేచ్ఛ రచయిత్రిది. పురాతత్వాన్ని చదివే వాళ్లకి ఆ స్వేచ్ఛ లేదు. ఈ రెండు పనులనీ కలిపేస్తే నష్టం మనకే. రేపు ఎవరో వచ్చి మీ స్వర్ణయుగానికి ఆధారం లేదంటే, దానితోపాటు మన హక్కుల వాదన కూడా కల్పన కిందే జమవుతుంది.

సమానత్వం కోరడానికి అది ఒకప్పుడు ఉండి ఉండాలన్న షరతేమీ లేదు. ఖందువుల మనకి స్వర్ణయుగాన్ని ఇవ్వదు. అంతకన్నా పనికొచ్చేది ఇస్తుంది. పితృస్వామ్యంలో బతుకుతూ, దాని మాటలతోనే తనని చెప్పుకుంటూ, తనకి కావలసిన దేవతని తన దేహం పోలికలో చేయించుకున్న ఒక నిజమైన స్త్రీని ఇస్తుంది. ఆ లోయ ఇప్పుడు నాగార్జునసాగర్ నీళ్ల అడుగున ఉంది. ఆ రెండు విశేషణాలు మాత్రం మునగలేదు. శుభలేఖ మీద సౌభాగ్యవతి అని అచ్చేస్తున్నాం, పేరంటానికి ఎవరిని పిలవాలో, ఎవరిని వదిలేయాలో ఇంకా లెక్కలేస్తున్నాం. పదిహేడు వందల ఏళ్ల కిందటి ప్రాకృతం మనకి ఇంత సులువుగా అర్థం కావడమే కలవరపెట్టాల్సిన సంగతి.