కన్ను నిండింది గానీ...

కొన్ని సినిమాల్ని బాగున్నాయనీ అనలేం, బాగాలేవనీ అనలేం. ఎవరైనా అడిగితే ‘మీరే చూడండి’ అని తప్పుకుంటాం. తర్సేమ్ సింగ్ తీసిన ‘ది ఫాల్’ (2006) నా మటుకు నాకు అలాంటిది. కానీ విమర్శ రాయడానికి కూర్చున్నాక తప్పుకుంటే ఎలా?

కథ జరిగేది 1915 ప్రాంతంలో, లాస్ ఏంజిలస్‌లోని ఒక ఆసుపత్రిలో. సినిమా షూటింగులో పడి కాళ్ళు చచ్చుబడిన స్టంట్‌మాన్ రాయ్, చెయ్యి విరిగిన ఐదేళ్ళ అలెగ్జాండ్రియాకి రోజూ కాస్త కాస్త కథ చెబుతుంటాడు. ఊరికే కాదు సుమండీ! ఆ పిల్లచేత దొంగచాటుగా మార్ఫిన్ మాత్రలు తెప్పించుకుని ప్రాణం తీసుకోవాలని అతని ఎత్తు.

అతని కథలో ఒక ముసుగు బందిపోటు, ఒక మాజీ బానిస, మందుగుండు నిపుణుడు, ఒక ఇండియన్, ఒక మాంత్రికుడు, ఇంత చాలదన్నట్టు సాక్షాత్తూ చార్లెస్ డార్విన్! అందరికీ ఒకే గవర్నరు మీద పగ. ఒకచోట ఎడారి, ఒకచోట ఆభానేరి చాంద్ బావడి మెట్లు, మరోచోట జోధ్‌పూర్ నీలి ఇళ్ళు. ఇరవైకి పైగా దేశాల్లో తీశారు. ఆ అందానికి నోట మాట రాదు, నిజమే. కానీ ఎవరు ఎందుకు ఎక్కడికి పోతున్నారో అంతుపట్టక, ఒక దశలో నేను కథని వదిలేసి గోడల రంగులు చూస్తూ కూర్చున్నాను.

దర్శకుడి తరఫున ఒక మాట చెప్పాలి. మనం చూస్తున్నది ఆ పిల్ల ఊహ. రాయ్ ‘ఇండియన్’ అని అమెరికా ఆదివాసి గురించి చెబితే, తోటపనిలో భారతీయుణ్ణి ఎరిగిన ఆమెకి తలపాగా మనిషి కనిపిస్తాడు. నర్సే రాకుమారి అవుతుంది. మన ‘మాయాబజార్’ (1957)లో ప్రియదర్శిని పేటిక కూడా ఇంతే కదా? బలరాముడికి దుర్యోధనుణ్ణి, కృష్ణుడికి శకునినీ చూపించింది. అయితే ఆ పేటిక తెరిస్తే మనిషి మనసు బయటపడి, కథ ఒక అడుగు ముందుకేసేది. ఇక్కడ చాలాసార్లు దృశ్యం మారుతుంది, కథ మాత్రం ఉన్నచోటే ఉంటుంది.

చివర్లో నిస్పృహతో రాయ్ తన వీరుల్ని ఒక్కొక్కరినే చంపేస్తుంటే, మంచం మీది పిల్ల చంపొద్దని ఏడుస్తుంది. ఈ కథ తనది కూడా అని వాదిస్తుంది. అక్కడ ఎడారీ లేదు, కోటా లేదు. ఒక ఆసుపత్రి గది, రెండు మొహాలు. నా కళ్ళు చెమర్చింది అక్కడే. ఆమె బతికించమంటున్నది కథలోని బందిపోటునే కాదు, కథ చెప్పే మనిషిని కూడా.

అన్ని దేశాలు తిరిగిన కెమెరా ఆ గదిలో ఇంకాసేపు కూర్చుంటే ఎంత బాగుండేది! అయినా చూడమనే అంటాను. దారి తెలియకపోయినా ఫరవాలేదు, ఆ పిల్ల చెయ్యి మాత్రం వదలకండి.