టంకశాల తప్పా, వీధి దెబ్బా?

టంకశాలలో నాణెం గడిపే కాలం చాలా తక్కువ. ముద్ర పడటమైతే రెప్పపాటులో అయిపోతుంది. ఆ తర్వాత ఏళ్ల తరబడి జేబుల్లో, గల్లాపెట్టెల్లో, హుండీల్లో, వాషింగ్ మెషీన్లలో, ఆకతాయి పిల్లల చేతుల్లో, ఒక్కోసారి రైలు పట్టాల మీద కూడా నలుగుతుంది. కాబట్టి వింత నాణెం ఏది చేతికొచ్చినా ముందు వీధినే అనుమానించాలి. కొత్తగా సేకరణ మొదలెట్టినవాళ్లు సరిగ్గా దీనికి తలకిందులుగా ఆలోచిస్తారు. "ఇలాంటిది ఎక్కడా చూడలేదు" అన్నదే వాళ్లకు రుజువు. వింతదనం రుజువు కాదు. అడగాల్సింది ఒక్కటే: యంత్రం దీన్ని ఎలా చేసి ఉంటుంది?

అది తేలాలంటే తయారీ తెలియాలి. లోహపు రేకును ప్రెస్సు కింద నడిపి గుండ్రటి బిళ్లలు కొడతారు. వాటిని కొలిమిలో కాల్చి మెత్తబరుస్తారు, అంచును ఒత్తి చిన్న గట్టు లేపుతారు. ఆ బిళ్ల ఒక ఉక్కు కట్టు మధ్యలో కూర్చుంటుంది. దాన్నే కాలర్ అంటారు. కింద ఒక అచ్చు, పైన ఒక అచ్చు. రెండూ వచ్చి నొక్కినప్పుడు చల్లని లోహమే పారి అచ్చు పల్లాల్లోకి ఎక్కుతుంది, పక్కలకు పోబోయి కాలర్ దగ్గర ఆగుతుంది. బొమ్మ, బొరుసు, అంచు మూడూ ఒకే దెబ్బకు పుడతాయి. ఆ దెబ్బకు ముందు గానీ, ఆ దెబ్బలోనే గానీ తప్పు జరిగితే లోహం దానికి తగ్గట్టు పారుతుంది. తర్వాత జరిగితే, అప్పటికే ఉన్న అక్షరం చితుకుతుంది, తెగుతుంది, అరుగుతుంది.

అంచు కొరికేసినట్టుండే నాణేన్ని తీసుకోండి. ప్రెస్సులో రేకు సరిగా ముందుకు జరగకపోతే, అంతకుముందు బిళ్ల తీసిన రంధ్రం మీదికే బిళ్లలు కొట్టే పంచ్ మళ్లీ పడుతుంది. వచ్చిన బిళ్లకు చంద్రవంక ఆకారంలో లోటు ఉంటుంది. ముద్ర పడ్డప్పుడు ఆ లోటు పక్కనున్న అక్షరాలు నిండటానికి లోహం చాలదు. అవి అటువైపు సాగి, పలచబడతాయి. అసలు సాక్షి మాత్రం ఎదురువైపు ఉంటుంది. గట్టు లేపే యంత్రంలో బిళ్ల రెండు పక్కలా ఒత్తిడి తగులుతూ దొర్లాలి. ఒక పక్క లోహమే లేకపోతే ఎదుటి పక్కకు ఒత్తిడి అందదు. అందుకని లోటుకు సరిగ్గా ఎదురుగా గట్టు నీరసంగా, ఒక్కోసారి లేనట్టే కనిపిస్తుంది. దీన్ని బ్లేక్స్‌లీ ప్రభావం అంటారు. అసలైన ప్రతి నాణెంలోనూ ఇది స్ఫుటంగా ఉండదు గానీ, ఉంటే గట్టి ఆధారం. ఆకురాయితో అంచు రాసినవాడి దృష్టి రాసిన చోటే ఉంటుంది. అక్కడ అక్షరాలు నిండుగా వచ్చి, ఠక్కున తెగిపోయి ఉంటాయి. భూతద్దం పెడితే ఆకురాయి గీతలూ దొరుకుతాయి.

ఇంకా అందమైన తప్పు బ్రాకేజ్. కొట్టిన నాణెం బయటికి రాకుండా పై అచ్చుకే అతుక్కుపోతుంది. కిందికి కొత్త బిళ్ల వస్తుంది. ఇప్పుడు దాని పైముఖం మీద పడేది అచ్చు కాదు, అతుక్కున్న నాణెం. ఫలితంగా కొత్త నాణెం ఒక ముఖాన మామూలు ముద్ర, రెండో ముఖాన అదే ముద్ర అద్దంలో చూసినట్టు తిరగబడి, లోపలికి దిగి ఉంటుంది. రావాల్సిన రెండో ముద్ర జాడ ఏ మూలా ఉండదు, ఎందుకంటే అది ఎన్నడూ పడనే లేదు.

దీనికి నకలు బెంచి వైస్‌లో పుడుతుంది. రెండు నాణేలు కలిపి బిగిస్తే ఒకదాని అక్షరాలు ఇంకోదాని మీద తిరగబడి దిగుతాయి. చూడగానే గుండె ఝల్లుమంటుంది. కానీ కింద పాత ముద్ర చదునై, చచ్చీచావకుండా ఉంటుంది. ఆ శేషమే దొంగను పట్టిస్తుంది.

మన పది రూపాయల నాణెం మరో పరీక్ష. బయట ఒక లోహపు వలయం, లోపల వేరే లోహపు బిళ్ల. రెండూ ముద్ర దెబ్బకే ఒకదాన్నొకటి పట్టుకుంటాయి. నడిమి బిళ్ల లేని నాణెం తెచ్చి టంకశాల తప్పంటే, రంధ్రం లోపలి అంచు చూడాలి. బిళ్ల లేకుండానే ముద్ర పడి ఉంటే వలయపు లోహం ఖాళీలోకి పారుతుంది, రంధ్రం కుంచించుకుపోయి అంచు ఒరుగుతుంది. గోడ నిటారుగా, రంధ్రం పూర్తి కొలతలో ఉంటే ఎవరో సుత్తితో బిళ్లను పొడిచి తీసేశారన్నమాట. ఇదే నాణెం మీద ఇంకో భ్రమ ఉంది: బొమ్మ వేరుగా ఉంటే తప్పో, నకిలీయో అనుకోవడం. దుకాణాల్లో పది రూపాయల నాణెం తీసుకోం అన్న గొడవ మనం చూసిందే. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు అప్పటికి 14 రకాల నమూనాలు విడుదలయ్యాయనీ, అన్నీ చెల్లుతాయనీ చెప్పాల్సి వచ్చింది. సంవత్సరం కింద చుక్కో, నక్షత్రమో, వజ్రమో ఉండటం కూడా అంతే. నక్షత్రం హైదరాబాద్ టంకశాల గుర్తు.

తూకం చవకైన సాక్షి. పది రూపాయల నాణెం 7.71 గ్రాములు. పలచగా ఉన్న నాణేన్ని ఆమ్లంలో ముంచారేమో అనిపిస్తే తూకంతో పాటు వ్యాసం కొలవండి. పలచటి బిళ్ల మీద టంకశాలలో ముద్ర పడితే వ్యాసం తగ్గదు, ముద్ర మాత్రం నీరసంగా వస్తుంది. ఆమ్లం అన్ని వైపులా తింటుంది: వ్యాసం తగ్గుతుంది, ముఖం గరుకెక్కుతుంది. ఇక జంట అక్షరాల సంగతి. వాటిలో ఎక్కువ భాగం ముద్ర పడ్డాక అచ్చు కాస్త కదలడం వల్ల వచ్చినవి. అక్షరం పక్కన చదునైన మెట్టులా ఉంటే అదే. దానికి పెద్ద ధర ఉండదు. అచ్చు తయారీలోనే జంటపడిన 1955 నాటి అమెరికా సెంటు లాంటివి వేరే జాతి.

ఈ పరిజ్ఞానం లేకపోవడమే కొందరికి బతుకుతెరువు. 2012 నాటి వైష్ణోదేవి నాణేనికి లక్షలిస్తామనే వీడియోలు నేటికీ తిరుగుతున్నాయి. పాత నాణేల క్రయవిక్రయాల పేరుతో రుసుములు గుంజే మోసగాళ్ల గురించి 2021 ఆగస్టులో రిజర్వు బ్యాంకు హెచ్చరించింది. తప్పు నాణెం అమ్మజూపేవాణ్ని ధర అడిగే ముందు, ఆ తప్పు ఏ దశలో జరిగిందో చెప్పమనండి. నిజంగా తెలిసినవాడు సంబరంగా చెబుతాడు.

చేత్తో కొట్టిన పాత నాణేలకు మాత్రం ఈ కొలబద్దలు పనికిరావు. మొగలాయీ రూపాయల్లో, నిజాం కాలపు పాత హాలీ సిక్కాల్లో అచ్చు తరచు బిళ్ల కంటే పెద్దది. ముద్ర సగం బయటికి పోవడం అక్కడ మామూలే, దానికి తప్పు నాణెమని ఎక్కువ అడిగితే ఇవ్వకండి. చార్మినార్ బొమ్మతో యంత్రం మీద కొట్టిన రూపాయి ముద్ర అంతగా పక్కకు జరిగితే మాత్రం ఆగి చూడాల్సిందే.

దెబ్బలన్నీ పనికిరానివనీ అనలేం. లంబాడీ నగల్లో ఉండి వచ్చిన వెండి రూపాయి అంచున టంకం మచ్చ ఉంటుంది. షరాబులు వెండి నిగ్గు తేల్చడానికి రూపాయల మీద చిన్న చిన్న ముద్రలు గుద్దేవారు. సేకర్తలు చాలామంది వీటికి ధర తగ్గిస్తారు, అది వాళ్ల లెక్క. నాకైతే షరాబు గుర్తున్న రూపాయే మేలనిపిస్తుంది. తమిళనాడు పుదుక్కోట్టైలో 1898లో దొరికిన రోమన్ బంగారు నాణేల్లో చాలావాటికి చక్రవర్తి తల మీదుగా ఉలి గాటు ఉంది. మళ్లీ నాణెంగా చలామణీ కాకుండా, బంగారంగా మాత్రమే తూగేలా ఇక్కడే వేశారని కొందరు పండితుల అభిప్రాయం. రోమన్ టంకశాల చేసిన పొరపాటు ఆ నాణేల మీద ఏదైనా ఉందేమో గానీ, పరిశోధకులు ఇన్నేళ్లుగా రాస్తున్నది ఆ గాటు గురించే.